పచ్చ పింజర, రక్తపింజర – పాము కాటు వేసినప్పుడు ఇంటివారు తెలుసుకోవలసినవి

పాము కరిచిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన కుటుంబం మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "సిస్టర్, విషం ఎక్కిందా, లేదా?" ఆ తరువాత అడిగేది, "పాము పచ్చగా ఉంది, చిన్నదే, ఏమీ కాదు కదా?" లేదా "పాము లావుగా ఉంది, బుసకొట్టింది, బతుకుతాడా?" అని. పాము రంగును బట్టి, పొడవును బట్టి ప్రాణం సంగతి చెప్పలేము. ఏ పాము ఎలా జీవిస్తుంది, దాని విషం ఒంట్లో ఏమి చేస్తుంది, ఆసుపత్రిలో ఏ పరీక్ష ఎందుకు చేస్తారు అనేది ఇంటివారికి తెలిస్తే భయం సగం తగ్గుతుంది, ఆలస్యం పూర్తిగా తగ్గుతుంది. ఈ పాఠం అందుకోసమే.

పింజరలు ఎన్ని రకాలు?

మన నాయుడుపేట చుట్టుపక్కల వరి చేలలో, వేరుశెనగ చేలలో, సరుగుడు తోటలలో మనిషి ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చే పాములు నాలుగు. అవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో చివరి రెండూ పింజర జాతివి. రక్తపింజరను మన వైపు కొందరు పొడపాము అని కూడా అంటారు. చిన్నపింజరను ఇసుక పింజర అనేవారూ ఉన్నారు.

పింజర జాతిలోనే మరొక శాఖ ఉంది. దానికి చెందిన పాములు ఎక్కువగా అడవులలో, చల్లని తేమ చోట్ల ఉంటాయి. వీటి కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య, రెండు వైపులా, ఒక చిన్న గుంట ఉంటుంది. అందుకే వీటిని గుంట పింజరలు అనవచ్చు. రక్తపింజరకు, చిన్నపింజరకు ఈ గుంట ఉండదు.

మన తూర్పు కనుమల అడవులలో ఉండే గుంట పింజర ఆకుపచ్చ రంగుది. వెదురు పొదలలో, వాగుల పక్కన చెట్ల కొమ్మల మీద ఉంటుంది కనుక దీన్ని వెదురు పింజర, పచ్చ పింజర అంటారు. దీని శాస్త్రీయ చరిత్ర మన తెలుగు నేల మీదే మొదలైంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు రాజధానిలో ప్రకృతి పరిశోధకుడుగా నియమితుడయ్యాడు. ఆయన విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, 1796లో బొమ్మలతో పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో చాలా పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లే రాశాడు. పచ్చ పింజరను "బోద్రూ పాం" అన్నాడు. రక్తపింజరను "కాటుక రేకుల పొడ" అన్నాడు. పొడ అంటే మచ్చ. మనం ఈనాటికీ పొడపాము అంటున్నది ఆ మాటనే. రక్తపింజరకు ప్రపంచమంతా వాడే ఆంగ్ల పేరు ఈ రస్సెల్ పేరు మీదుగా వచ్చినదే.

పచ్చ పింజరను ఎలా గుర్తించాలి?

మన పల్లెలలో పచ్చని పాము ఏది కనిపించినా పసిరిక పాము అంటారు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవాలి.

పసిరిక పాము తాడులాగా సన్నగా, పొడవుగా ఉంటుంది. మూతి సూదిగా ఉంటుంది. దాని విషం మనిషి ప్రాణం తీసేది కాదు. అది ఎగిరి కళ్ళు పొడుస్తుంది అనేది కూడా ఉత్త భయమే.

పచ్చ పింజర పొట్టిగా, లావుగా ఉంటుంది. సుమారు రెండు, రెండున్నర అడుగులు ఉంటుంది. తల ముక్కోణంగా వెడల్పుగా, మెడ సన్నగా ఉంటుంది. కంటి పాప పిల్లి కంటిలాగా నిలువు గీతగా ఉంటుంది. తోకతో కొమ్మను చుట్టి పట్టుకుంటుంది. పగలు ఆకుల మధ్య కదలకుండా పడుకుంటుంది. మనిషి దగ్గరికి వచ్చినా పారిపోదు. కట్టెలు కొట్టేవారు, వెదురు నరికేవారు, తేనె తీసేవారు దాన్ని చూడక చేయి పెడతారు. అందుకే దీని కాటు ఎక్కువగా చేతి మీద, వేళ్ళ మీద పడుతుంది.

అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. దగ్గరికి పోయి తల చూద్దాం, కన్ను చూద్దాం అని ఎవరూ ప్రయత్నించవద్దు. పామును గుర్తించడం కోసం మరొకరు కాటు తినకూడదు.

ఆ గుంట ఎందుకు?

గుంట పింజర రాత్రి వేటాడే జీవి. చీకటిలో ఎలుక కనిపించదు. కానీ ఎలుక ఒంట్లో వేడి ఉంటుంది. మన కుంపటి పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నా వేడి ఏ వైపు నుండి వస్తుందో ముఖానికి తెలుస్తుంది కదా. ఆ గుంట లోపల ఉల్లిపొర వంటి పలుచని పొర ఉంటుంది. దాని నిండా నరాలు ఉంటాయి. ఎదుటి జీవి నుండి వచ్చే వేడి ఆ పొరకు తగలగానే నరాలు మెదడుకు కబురు పంపుతాయి. రెండు వైపులా గుంటలు ఉన్నాయి కనుక వేడి ఎక్కడినుండి వస్తుందో పాముకు సరిగ్గా తెలుస్తుంది. చీకటిలోనూ గురి తప్పకుండా కాటు వేయగలగడానికి కారణం ఇదే.

పింజరల కోరలు పొడవైనవి. నోరు మూసినప్పుడు అవి చాకు మడిచినట్లు పైదవడకు మడిచి ఉంటాయి. కాటు వేసే సమయంలో ముందుకు లేస్తాయి. డాక్టరు వేసే సూదిలాగా లోపల బోలుగా ఉంటాయి, వాటి గుండా విషం కండలోకి దిగుతుంది. కాటు వేసి ఎలుకను వదిలేస్తుంది. ఎలుక కొంత దూరం పోయి పడిపోతే, నాలుక చాపి వాసన పట్టుకుంటూ పోయి మింగుతుంది. విషం పాముకు ఆహారం సంపాదించుకునే సాధనం. మనిషి దాని ఆహారం కాదు. కాలు పడినప్పుడో, చేయి తగిలినప్పుడో తన ప్రాణం కాపాడుకోవడానికి కరుస్తుంది. పగబట్టడం, వెతుక్కుంటూ రావడం అనేవి పాముకు లేవు.

మన పింజరలు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. రక్తపింజర ఒక్క ఈతలో 20 నుండి 40 పిల్లల వరకు కనవచ్చు. పుట్టిన పిల్లకు ఆ రోజే కోరలూ విషమూ ఉంటాయి. "పిల్ల పామే కదా" అని చేతితో తీయకూడదు.

విషం ఒంట్లో ఏమి చేస్తుంది?

నాగుపాము, కట్లపాము విషం ముఖ్యంగా నరాల మీద పని చేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆగిపోతుంది. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, రెప్పలు వాలడం కనిపిస్తే పాము కాటు అని అనుమానించాలి.

పింజర విషం ముఖ్యంగా రక్తం మీద పని చేస్తుంది. మనకు గాయమైతే రక్తం కాసేపటికి గడ్డకట్టి ఆగుతుంది. అందుకు రక్తంలో కొన్ని పదార్థాలు ఉంటాయి. రక్తపింజర విషం ఆ పదార్థాలన్నిటినీ ఒక్కసారిగా రేపి ఖర్చు చేయిస్తుంది. అవి అయిపోయాక రక్తం నీళ్ళలాగా అయి గడ్డకట్టదు. చిగుళ్ళ నుండి, ముక్కు నుండి, కాటు నుండి, మూత్రంలో రక్తం పోతుంది. కరిచిన చోట వాపు, బొబ్బలు, తీవ్రమైన నొప్పి ఉంటాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి. దక్షిణ భారతంలో రక్తపింజర కాటుకు కొందరిలో రెప్పలు వాలడం కూడా ఉంటుంది.

పచ్చ పింజర కాటుకు నొప్పి, వాపు ఎక్కువగా ఉంటాయి. ప్రాణం పోవడం అరుదు. కొందరిలో రక్తం గడ్డకట్టడంలో తేడా రావచ్చు. కాబట్టి దీన్ని కూడా ఇంటి వద్ద ఉంచి చూడకూడదు.

పడమటి కనుమల వాన అడవులలో మరొక గుంట పింజర ఉంది. అది ఒకటి ఒకటిన్నర అడుగుల పొడవుతో, ఎండుటాకు రంగులో, మూతి కొంచెం పైకి లేచి ఉంటుంది. దాన్ని చూసి చాలామంది చిన్నపింజర అని పొరబడేవారు. దాని కాటుకు రక్తం గడ్డకట్టకపోవడం, మూత్రపిండాలు పాడవడం జరుగుతాయని కేరళ వైద్యులు 2007లో రోగుల వివరాలతో ప్రచురించారు. మన ప్రాంతం నుండి ఏటా ఎందరో శబరిమలకు పోతారు. కూలి పనికి కేరళ, కొడగు తోటలకు పోయేవారూ ఉన్నారు. అక్కడ ఎండుటాకుల మీద ఒట్టి కాళ్ళతో చీకటిలో నడిచేటప్పుడు టార్చిలైటు తప్పనిసరి.

విషమే మందు అయిన సంగతి

మీ ఇంట్లో బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలు వేసుకునే పెద్దవారు ఉండవచ్చు. ఈ రకం మందుల పుట్టుక బ్రెజిల్ దేశపు అడవులలోని ఒక గుంట పింజర విషంతో ముడిపడి ఉంది. ఆ పాము కరిస్తే రక్తపోటు పడిపోతుంది. 1960లలో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలోని పదార్థాన్ని పరిశీలించాడు. ఆ ఆధారంతో తయారైన కాప్టోప్రిల్ మాత్రకు 1981లో అమెరికాలో అనుమతి లభించింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తరువాత వచ్చినవి. దేవుని సృష్టిలో ఏదీ వృథా కాదు అనడానికి ఇది ఒక సాక్ష్యం.

కరిచిన వెంటనే చేయవలసినవి

1. పాముకు దూరంగా జరగండి. కరిచిన సమయం గుర్తుపెట్టుకోండి.
2. మనిషికి ధైర్యం చెప్పండి. నడిపించవద్దు, పరుగెత్తనివ్వవద్దు. కండలు కదిలితే విషం త్వరగా పాకుతుంది.
3. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు, గడియారం తీసేయండి. వాపు వచ్చాక అవి వేలును కోసుకుపోతాయి.
4. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, కర్ర లేదా అట్టముక్క పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. ఒక వేలు దూరే వదులు ఉండాలి.
5. 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేటట్లు ఉంటే ఆటోలోనో, మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకునో విషం విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందు ఉచితం.
6. వాంతులు అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

చేయకూడనివి

1. తాడు, తువ్వాలు గట్టిగా బిగించి కట్టవద్దు. పింజర విషం అక్కడే నిలిచిపోతే కండ కుళ్ళిపోతుంది. ఇప్పటికే కట్టి ఉంటే దారిలో మీరే ఒక్కసారిగా విప్పవద్దు, ఆసుపత్రిలో విప్పుతారు.
2. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, నిప్పుతో కాల్చడం, ఐసు పెట్టడం వద్దు. రక్తం గడ్డకట్టని మనిషికి బ్లేడు గాటే ప్రాణం మీదికి తెస్తుంది.
3. నల్లరాయి అంటించడం, ఆకు పసరు పోయడం, మంత్రం వేయించడం కోసం ఆగవద్దు. వేపాకు నమిలి చేదు తెలిస్తే విషం లేదు అనుకోవద్దు. విషం ఎక్కిన వారికి కూడా చేదు తెలుస్తుంది.
4. ఊరిలో నొప్పికి సూది వేయించవద్దు. పింజర కాటు తరువాత కండకు వేసిన సూది వద్ద లోపల రక్తం పేరుకుంటుంది. నొప్పి మాత్రలలో చాలావాటికి రక్తస్రావాన్ని, మూత్రపిండాల దెబ్బను పెంచే గుణం ఉంది.
5. సారాయి, కాఫీ తాగించవద్దు.
6. పామును చంపి సంచిలో తేవద్దు. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు. దూరం నుండి సెల్‌ఫోనులో ఫోటో తీయగలిగితే చాలు, లేకపోయినా వైద్యం ఆగదు.

మంత్రగాని వద్దకు పోయి బాగయ్యారు అని చెప్పేవారు ఉంటారు. విషం లేని పాములు ఎన్నో ఉన్నాయి. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. అటువంటి వారు ఏ వైద్యం లేకున్నా బాగవుతారు. ఆ పేరు మంత్రానికి వస్తుంది. విషం దిగిన మనిషికి మాత్రం అక్కడ గడిచిన రెండు గంటలే తిరిగి రాని కాలం.

ఆసుపత్రిలో ఏమి చేస్తారు? ఎందుకు?

"వచ్చి అరగంట అయింది, ఇంకా మందు ఎక్కించలేదు" అని కుటుంబ సభ్యులు బాధపడటం మేము తరచుగా వింటాము. ఆ అరగంట ఊరికే పోయినది కాదు. రక్తం కొద్దిగా తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. తరువాత వంచి చూస్తాము. గడ్డకట్టి ఉంటే మంచిది. నీళ్ళలాగా జారితే పింజర విషం పని చేస్తున్నట్లు గుర్తు. ఖరీదైన యంత్రం లేకుండా ప్రాణం నిలిపే పరీక్ష ఇది. ఆ గొట్టాన్ని ఎవరూ తాకవద్దు, కదపవద్దు అని మనవి. అప్పటికే రక్తం కారుతున్నా, రెప్పలు వాలుతున్నా పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

మన దేశంలో వాడే విషం విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషంతో గుర్రాలలో తయారవుతుంది. ఆ విషాన్ని ఎక్కువగా సేకరించేది చెన్నై దగ్గర వడనెమ్మెలిలో ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం. పచ్చ పింజర, పడమటి కనుమల గుంట పింజర విషం ఈ మందు తయారీలో లేదు. అందుచేత వాటి కాటుకు ఈ మందు సరిగా పని చేయదు. "పచ్చ పాము కరిచింది, మందు ఎందుకు వేయలేదు?" అని మీరు అడిగితే జవాబు ఇదే. పని చేయని మందు ఎక్కిస్తే రోగికి ఇబ్బందే మిగులుతుంది. అలా అని వైద్యం లేదని కాదు. నొప్పికి తగిన మందు, వాపు గమనించడం, రక్త పరీక్షలు, అవసరమైతే రక్తం, ప్లాస్మా ఎక్కించడం, మూత్రపిండాలు ఆగితే డయాలసిస్ ఉన్నాయి.

మందు అవసరమైనవారికి మొదటిసారి సాధారణంగా 10 సీసాల వరకు ఎక్కిస్తారు. పిల్లలకు కూడా పెద్దలకు ఇచ్చినంతే ఇస్తారు. పాము చిన్నబిడ్డ అని విషం తగ్గించి వేయదు కదా. 6 గంటల తరువాత రక్తం మళ్ళీ పరీక్షిస్తారు. గడ్డకట్టకపోతే మళ్ళీ మందు ఎక్కిస్తారు. "మళ్ళీ మళ్ళీ రక్తం తీస్తున్నారు" అని నొచ్చుకోవద్దు.

మందు గుర్రం రక్తం నుండి తయారైనది కనుక కొందరికి పడదు. ఎక్కించేటప్పుడు దురద, దద్దుర్లు, చలి, వణుకు, ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సును పిలవండి. అందుకు విరుగుడు సూది పక్కనే సిద్ధంగా ఉంటుంది.

పక్కన కూర్చున్నవారు గమనించవలసినవి

1. మూత్రం. ఎన్నిసార్లు, ఎంత పోశారో కొలిచి చెప్పండి. బాత్‌రూములో పారబోయవద్దు. మూత్రం తగ్గినా, ఎర్రగా, టీ రంగులో వచ్చినా వెంటనే చెప్పండి. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ముందుగా తెలిపేది ఇదే.
2. చిగుళ్ళు, ముక్కు, పాత గాయాల నుండి రక్తం.
3. రెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట తడబడటం.
4. వాపు పైకి పాకడం. మేము పెన్నుతో గీసిన గీతను తుడిచివేయవద్దు, వాపు ఎంత పెరిగిందో ఆ గీతే చెబుతుంది.

ఏ గుర్తులూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. "బాగానే ఉన్నాడు, ఇంటికి పోతాము" అని తొందరపడవద్దు. ఇంటికి పోయాక ఒకటి రెండు వారాలలో జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు వస్తే మళ్ళీ చూపించండి. అది మందు వలన వచ్చేది, తగ్గుతుంది.

కాటు పడకుండా

రాత్రి బయటికి పోతే టార్చిలైటు, కాళ్ళకు చెప్పులు ఉండాలి. చేలో పనికి మోకాలి కింది వరకు ఉండే రబ్బరు బూట్లు మంచివి. గడ్డివామి, కట్టెల మోపు, ఇటుకల కుప్ప ఇంటి గోడకు దూరంగా ఉంచండి. వాటిలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి. వరి కోతలప్పుడు, వేరుశెనగ పీకేటప్పుడు ముందు కర్రతో కదిలించండి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలకు నీళ్ళు నిండి పాములు గట్ల మీదికి, ఇళ్ళలోకి చేరుతాయి, అప్పుడు ఇంకా జాగ్రత్త. నేల మీద పడుకోవద్దు. దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి మంచం మీద పడుకోండి. ధాన్యం ఎలుకలు చేరకుండా దాచండి. ఎలుక ఉన్న చోటికే పాము వస్తుంది.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం 2020లో అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఎక్కువ మరణాలు ఉన్న రాష్ట్రాలలో ఒకటి. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెలవారే, చాలామంది ఇంటిని పోషించే వయసువారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2024లో పాము కాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించే ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక నెరవేరేది మన గడపల దగ్గరే.

చివరి మాట

ప్రార్థన చేస్తే చాలదా అని విశ్వాసులు కొందరు అడుగుతారు. మెలితే ద్వీపంలో పౌలు చేతికి సర్పము పట్టుకున్నా హాని కలుగలేదని అపొస్తలుల కార్యములలో చదువుతాము. ఆ పౌలుతో కలిసి ప్రయాణం చేసిన లూకా వైద్యుడు అని కూడా బైబిలే చెబుతోంది. ప్రార్థన చేయండి, తప్పక చేయండి. అయితే ఇంటి దగ్గర కూర్చుని కాదు, ఆసుపత్రికి వచ్చే దారిలో బండిలో చేయండి. ఏ మతం వారైనా, ఏ కులం వారైనా, చేతిలో డబ్బు ఉన్నా లేకున్నా, పాము కరిచిన మనిషిని ముందు తీసుకురండి. మిగతా మాటలు తరువాత మాట్లాడుకోవచ్చు.

ఈ పుస్తకం చదివాక ఇంటిలో దాచి పెట్టుకోకుండా పక్క ఇంటివారికి చదివి వినిపించండి. ముఖ్యంగా పొలం పనికి పోయే అమ్మలకు, అక్కలకు, అన్నలకు చెప్పండి. దేవుడు మీ కుటుంబాన్ని కాపాడును గాక.